వాటం మేస్త్రీ తవ్విన గుంట

ఆయన వేసిన గచ్చు మీద నీళ్ళు నిలబడవు. ఈ మాట ఆయన చెప్పుకున్నది కాదు. నలభై ఏళ్ళపాటు ఆ గచ్చుల మీద బట్టలుతికినవాళ్ళూ, అంట్లు తోమినవాళ్ళూ, స్నానాల గదుల్లో జారిపడకుండా బతికి బయటపడ్డ ముసలివాళ్ళూ చెప్పిన మాట. గచ్చుకు పెట్టే ఏటవాలును పనివాళ్ళు వాటం అంటారు. అది కంటికి కనబడకూడదు, కాలికి తగలకూడదు, నీటికి మాత్రం తెలియాలి. ఆ విద్యలో ఆయనకు సాటి లేరు. అసలు పేరు కాగితాల్లో ఉండిపోయింది. వీధికంతటికీ ఆయన వాటం మేస్త్రీ.

పని పూర్తయిన గదిలో ఆయన ఒక పరీక్ష పెట్టేవాడు. గచ్చు గట్టిపడ్డాక ఇంటివాళ్ళందరినీ గుమ్మంలో నిలబెట్టి, దూరపు మూలలో చెంబెడు నీళ్ళు వంచేవాడు. వంచి, కళ్ళు మూసుకుని, వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టేవాడు. ముప్పై అనేలోపు నీళ్ళు తూము చేరి గుటుక్కుమనాలి. అన్నాయా, సామాను సర్దుకునేవాడు. ముప్పై ఒకటి అయిందా, ఇంటివాళ్ళు వద్దన్నా వినకుండా ఆ మూల పగలగొట్టి మళ్ళీ వేసేవాడు.

"నీళ్ళు చుట్టంలాంటివి. వచ్చినప్పుడు ఎంత ఆదరించినా, వెళ్ళే దారి కూడా చూపించాలి. లేకపోతే అక్కడే కాపురం పెడతాయి" అనేవాడు.

ఆయన జీవితంలో పెద్ద పని తను ఉంటున్న వీధికి సిమెంటు వేయడం. పై చివర బడి గోడ దగ్గర మొదలుపెట్టి, కింది చివర నది గట్టు దాకా, నాలుగు వందల అడుగులు. అంతకుముందు అది మట్టి వీధి. వానొస్తే చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్ళు. సిమెంటు వేసిన ఏడాది తొలి వానకు ఆయన గొడుగేసుకుని వీధి మధ్యన నిలబడ్డాడు. ఇళ్ళ కప్పుల నుంచి దిగిన నీరు రెండు అంచులా చేరి, జడ అల్లినట్టు పాయలు కలుపుకుంటూ, గంతులేస్తూ నదిలోకి దూకింది. వాన ఆగిన మూడు నిమిషాలకు వీధి ఆరడం మొదలుపెట్టింది. ఆ రోజు ఇంటికి తడిసి వచ్చిన మొగుణ్ణి చూసి భార్య "ఏమండీ, గొడుగు ఎవరికి పట్టారు, వీధికా?" అని అడిగింది.

భార్య ఆస్పత్రిలో ఆయాగా ముప్పై ఏళ్ళు చేసింది. నొప్పి ఎక్కడో రోగి చెప్పకముందే ముఖం చూసి పట్టే మనిషి. ఆమె దగ్గర దేన్నీ దాచడం కుదరదని మేస్త్రీకి పెళ్ళయిన నెలకే తెలిసింది. అయినా ఒకటి రెండుసార్లు ప్రయత్నించాడు. ఈ కథ అందులో ఒకసారిది.

వాళ్ళ ఇంటి వెనక గదిలో మరదలు ఉంటుంది. భార్యకు చెల్లెలు. భర్త పోయాక, పదిహేనేళ్ళ కిందట, రెండు సంచులతో వచ్చింది. ఒక సంచిలో బట్టలు, రెండో సంచిలో విత్తనాలు. నగరపాలక సంస్థ పార్కులో మొక్కలు పెంచే చోట పని. ఇంటికొచ్చాక కూడా అదే పని. పెరట్లో పగిలిన బకెట్లలో, నూనె డబ్బాల్లో, చివరికి మేస్త్రీ సిమెంటు కలిపే పాత తట్టల్లో కూడా మొక్కలే. అవీ పూలమొక్కలా, పళ్ళమొక్కలా? కావు. తుంగ, రెల్లు, నీటి ఒడ్డున మొలిచే సన్నాకుల గడ్డి, ఎవరూ పేరు పెట్టని నీలిపూల మొక్క ఒకటి.

"నా ఇంట్లో నాకంటే నీ గడ్డికే చోటెక్కువైంది" అనేవాడు మేస్త్రీ.

"గడ్డి నోరెత్తదు బావా. అందుకే అక్క ఒప్పుకుంది" అనేది మరదలు.

ఆ మొక్కలన్నీ నదివే. ఊళ్ళో నదికి రెండు వైపులా గోడలు కట్టేశారు. ఊరు దాటి పైకి వెళ్తే, ఇటుక బట్టీల వెనక, రెండు వందల అడుగుల మేర మట్టి ఒడ్డు ఇంకా మిగిలి ఉంది. నది తన చిన్నప్పటి మాటలు కొన్ని అక్కడ మాత్రమే గుర్తుపెట్టుకున్నట్టు ఉంటుంది. మరదలు ఏటా అక్కడికి వెళ్ళి గింజలు కోసుకొచ్చేది. ఏడేళ్ళుగా వాటిని మొలిపించి, చావగా మిగిలినవాటి గింజలు మళ్ళీ నాటి, ఈ ఊరి మట్టికి అలవాటు చేసింది. వీధిలోవాళ్ళకు అవి పిచ్చిమొక్కలు. ఆమెకు మాత్రం ఎక్కడికో పంపాల్సిన పిల్లలు. ఎక్కడికో ఆమెకూ తెలియదు.

నది సంగతి మేస్త్రీ గమనించలేదని కాదు. పొరుగింటాయన చిక్కిపోతుంటే గమనించినట్టు గమనించాడు, అంతే. చిన్నప్పుడు వాన పడిన మర్నాడు గానీ నది పెరిగేది కాదు. నెమ్మదిగా, నీళ్ళు మోసుకొచ్చే మనిషిలా వచ్చేది. ఇప్పుడు వాన కురుస్తుండగానే గోడలు తన్నుకుంటూ వస్తోంది. పైన నూనె తెట్టు, సబ్బు నురగ, చిప్సు ప్యాకెట్లు, సిగరెట్టు ముక్కలు. వాన వెలిసిన రెండో రోజుకే మళ్ళీ మోకాటి లోతు. ఒక ఏడాది చేపలు వెల్లకిలా తేలాయి. ఎవరో రసాయనాలు కలిపారన్నారు. మరదలు అంది:

"ఎవరూ కలపలేదు బావా. అందరూ కలిపారు. వీధిలో కారిందంతా మూడు నిమిషాల్లో దాని నోట్లో పోస్తే, అది మింగేదెప్పుడు, ఊపిరి పీల్చేదెప్పుడు?"

మూడు నిమిషాలు అన్న మాట మేస్త్రీకి గుచ్చుకుంది. అది ఆయన లెక్క.

వీధి కింది చివర, సిమెంటు ఆగిపోయే చోటికీ నది గోడకీ మధ్య ఖాళీ జాగా ఉంది. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. విరిగిన ఇటుకలు పారబోసే చోటు. మురుగునీటి శాఖకు కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మను మరదలు ఆరు నెలలు వదలకుండా పట్టుకుని, ఆ జాగా చూపించింది. అక్కడ మోకాటి లోతు గుంట తవ్వాలి. వీధి నీళ్ళు తిన్నగా నదిలోకి పోకుండా గుంటలోకి రావాలి. తన మొక్కలు అందులో నాటాలి. మొక్కల వేళ్ళ మధ్య నీళ్ళు ఆగి, చెత్త దించుకుని, మట్టిలోకి ఇంకి, తీరిగ్గా అడుగునుంచి నదిని చేరాలి. గుంట నిండిపోతే మిగిలింది నది గోడలో ఉన్న పాత గొట్టంలోంచే పోతుంది.

ఇంజనీరమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద. తొలి పెద్ద వాన ఆగాక ఇరవై నాలుగు గంటల్లో గుంట పూర్తిగా ఇంకాలి. ఇంకితే ఇంకో పదకొండు వీధుల్లో ఇలాంటివే తవ్విస్తారు. ఇంకకపోతే దాన్ని కాంక్రీటుతో పూడ్చి, ఆ మాట ఇక ఎత్తరు.

షరతు వెనక ఉన్నది మూలింటి టైలరు. ఆయన దుకాణం సరిగ్గా ఆ జాగా ఎదురుగా ఉంటుంది. "నీళ్ళు నిలిస్తే దోమలు. దోమలొస్తే బేరాలు రావు. కొలతలిచ్చేటప్పుడు మనిషి కదలకుండా నిలబడాలి కదమ్మా, దోమ కుడుతుంటే ఎవడు నిలబడతాడు?" అని ఆఫీసుకు అర్జీ పెట్టాడు. మాటలో న్యాయముంది. మరదలు కూడా కాదనలేదు. ఎండాకాలంలోనే ఆ జాగాలో చిన్న గొయ్యి తీసి బకెట్టు నీళ్ళు పోసి చూసింది. గంటలో ఇంకిపోయాయి. ధైర్యంగా షరతుకు తలూపింది. ఇంకో ఏడాదిలో ఆమె ఉద్యోగం కూడా అయిపోతుంది. ఆ మొక్కలకు ఇది తప్ప వేరే దారి లేదు.

వీధి నీళ్ళు గుంటలోకి మళ్ళాలంటే, మేస్త్రీ వేసిన సిమెంటు అంచును నాలుగు చోట్ల కోయాలి. ఆ పని ఎవరికి చెప్పాలో తెలియక మరదలు రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరిగింది.

"ఏమే, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అన్నాడు మేస్త్రీ.

"నీ వీధిని నాలుగు చోట్ల కొట్టాలి బావా."

ఆయన టీ తాగడం ఆపలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక అన్నాడు: "వేరేవాడు కొడితే పగుళ్ళు పైదాకా పోతాయి. నేనే కొడతాను."

మోకాళ్ళు అరిగిపోయాయి, కూర్చుంటే లేవడం కష్టం. అయినా ఉలీ, సుత్తీ పట్టుకుని ఒక్కొక్క కోతకు ఒక్కొక్క పూట తీసుకున్నాడు. నాలుగు కోతలూ వెన్న కోసినట్టు వచ్చాయి. వాటి ముందు గులకరాళ్ళు పరిచాడు, నీళ్ళు ఉరికి వచ్చి మట్టిని కోసేయకుండా. గుంట తవ్వడానికి ఇద్దరు కూలీలు వచ్చారు. తవ్వకం పూర్తయ్యాక, పెరట్లోవి చాలక మరిన్ని మొలకలు తెచ్చేందుకు మరదలు రెండు రోజులు మట్టి ఒడ్డుకు వెళ్ళింది.

ఆ రెండు రోజుల్లోనే జరిగింది.

మొదటి రోజు మధ్యాహ్నం మేస్త్రీ గుంట అంచున నిలబడి అడుగు చూశాడు. కోడి గెలికిన దిబ్బలా ఉంది. ఎక్కడి గడ్డ అక్కడ, గుల్లగా, అడుగేస్తే మడమ దిగబడేలా. ఆయనకు సిగ్గేసింది. రేపు ఇంజనీరమ్మ వస్తుంది, వీధంతా వస్తుంది, వాటం మేస్త్రీ చేతి కింద జరిగిన పని అంటారు. నలభై ఏళ్ళలో ఒక్క పునాది కూడా ఆయన గుల్లగా వదల్లేదు. చీపురు చూస్తే ఊడవాలనిపించే చేతులు కొన్ని ఉంటాయి. ఆయనవి దిమ్మిస చేతులు.

దిమ్మిస అంటే నేలను గట్టిపరచడానికి కొట్టే బరువైన మొద్దు. ఆయన దగ్గరున్నది పాతది. స్టూలంత చెక్క మొద్దు, అడుగున ఇనుప రేకు, పక్కల రెండు పిడులు. పైకెత్తి దబ్బున వదలాలి. పెరట్లోంచి దాన్ని దొర్లించుకుంటూ వచ్చాడు. ఎడమ నుంచి కుడికి వరసలు. ప్రతి దెబ్బా ముందు దెబ్బ మీదికి సగం ఎక్కాలి, అది ఆయన పద్ధతి. నేలకు నీళ్ళు చిలకరించి, మళ్ళీ ఒక చుట్టు. సాయంత్రానికి గుంట అడుగు రాయిలా మోగింది. దాని మీద కూలీలు తీసిన మంచి మట్టిని నాలుగు వేళ్ళ మందాన పరిచి, అరచేత్తో సాపు చేశాడు. మొక్కలకు మెత్తగానే ఉండాలి కదా, ఆయనకు ఆ మాత్రం తెలుసు.

మరదలు వచ్చి చూసి, "ఎంత బాగా చేశావు బావా! పరుపు పరిచినట్టుంది" అంది. మొలకలన్నీ చిన్నవి, వేళ్ళు నాలుగు వేళ్ళ లోతు కూడా లేవు. పై మట్టిలోనే నాటేసింది. ఆ పొగడ్తకు మేస్త్రీ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు గానీ, రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు.

పన్నెండు రోజులకు వాన వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి మొదలై ఐదింటిదాకా, ఊరిని ఎవరో గుడ్డలా పిండుతున్నట్టు కురిసింది. వీధి నీళ్ళు మామూలు దూకుడుతో వచ్చి, నాలుగు కోతల దగ్గర ఆగి, ఆలోచించుకుని, గుంటలోకి తిరిగాయి. లేత రెల్లు ఆకులు వంగి లేచాయి. గుంట నిండాక గొట్టంలోకి పొర్లిన నీరు ఎప్పటిలా నల్లగా లేదు, టీ నీళ్ళ రంగులో ఉంది. వాన ఆగగానే ఇంజనీరమ్మ గొడుగు ముడుస్తూ వచ్చి, గడియారం చూసి, రాసుకుంది. "రేపు సాయంత్రం ఐదింటికి వస్తాను" అంది. టైలరు తన మెడలో వేలాడే టేపును నీళ్ళలోకి దించి, "పద్దెనిమిది అంగుళాలు" అని అందరికీ వినబడేలా చెప్పాడు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మళ్ళీ దించాడు. పదిహేడున్నర.

"కొత్త కోడలు లాగుంది మీ మట్టి, మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు" అన్నాడు టైలరు. వెక్కిరింతే గానీ, మరదలి ముఖం చూసి మిగతాది మింగేశాడు.

మరదలు గట్టు మీద కూర్చుని నీళ్ళను చూస్తోంది. ఆకాశం అందులో కదలకుండా పడి ఉంది. "ఎండాకాలంలో గంటలో తాగింది" అంటోంది, ఎవరితోనో కాదు. "ఇదే మట్టి. నా చేత్తో పోశాను. నేనే సరిగ్గా చూసుకోలేదా? అడుగున బంకమట్టి ఉందా?"

మేస్త్రీ ఆమె వెనక నిలబడి విన్నాడు. నీళ్ళు ఎందుకు కదలడం లేదో ఆయనకు అప్పుడు అర్థమైంది.  ఆయన చేసిన పని పనిచేస్తోంది. ఇంత బాగా ఎప్పుడూ పనిచేయలేదు.

తిన్నగా ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నాడు. దిమ్మిస చప్పుడు విన్నవాళ్ళకు కూడా దానికీ దీనికీ లంకె తెలియదు. బంకమట్టి అనుకుంటారు. నేల స్వభావం అనుకుంటారు. వాటం మేస్త్రీ అన్న పేరు అలాగే ఉంటుంది. భార్య ఎదుట టీ గ్లాసు పెట్టింది.

"మొన్న మీ మరదలు లేనప్పుడు, మధ్యాహ్నమంతా మన వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి" అంది. "అది ఏం చప్పుడో చెల్లికి మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నాకు తెలిసి చేశానా?" అన్నాడాయన.

"తెలియక మింగిన మాత్రకు కూడా విరుగుడు ఇవ్వాలి. ఆలస్యం చేస్తే పనిచెయ్యదు. టీ తాగి వెళ్ళండి."

ఆయన తాగకుండానే వెళ్ళాడు.

"మరదలా, మట్టి తప్పు కాదు" అన్నాడు. నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు, ఆమె వైపు చూడలేక.

"మరి?"

"దిమ్మిస వేశాను. అడుగంతా. నువ్వు మొలకలకు వెళ్ళినప్పుడు."

ఆమె తల తిప్పింది. "ఎంత గట్టిగా?"

"బాగానే."

"బాగానే అంటే?"

"నేను ఎలా వేస్తానో నీకు తెలుసు కదా."

ఒక రెల్లు ఆకు మీది బురదను వేలితో తుడిచింది. తర్వాత, "ఏడేళ్ళు బావా" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది. ఇంకాసేపటికి ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని అంది: "నీ జన్మలో ఒక్క పనైనా కాస్త చెడగొట్టి ఉంటే ఎంత బాగుండేది!"

అప్పుడు టైము తొమ్మిదిన్నర.

మొక్కలు పీకి అడుగు తవ్వడానికి లేదు. పీకితే చస్తాయి. మేస్త్రీ ఇంటికెళ్ళి గడ్డపార తెచ్చాడు. లుంగీ మోకాళ్ళ పైకి కట్టి గుంటలోకి దిగాడు. ఎక్కడ పొడవాలో ఆయనకు తెలుసు. తాళం వేసినవాడికి తాళంచెవి ఎక్కడుందో తెలిసినట్టు. ఎడమ నుంచి కుడికి వరసలు, ప్రతి దెబ్బా ముందుదాని మీదికి సగం. రెండు వరసలు కలిసే అతుకు మీద పొర కాస్త పలచన. కాలి బొటనవేలితో మొక్కను తడిమి తప్పించి, అతుకు మీద గడ్డపార నిలిపి, బలం కొద్దీ దింపాడు. మొదటి పోటుకు చేతులు జివ్వుమన్నాయి. రెండో పోటుకూ అంతే. ఆరో పోటుకు గడ్డపార ఒక్కసారిగా జారి, జానెడు లోతున మెత్తటి నేలను తాకింది.

పైకి లాగగానే ఆ చోట బుడగలు వచ్చాయి. గుడగుడమని, దాహంతో ఉన్న గొంతు ఆబగా తాగుతున్నట్టు.

"గులకరాళ్ళు!" అన్నాడు. "రంధ్రం పూడిపోకముందే వెయ్యి!"

ఇంటి వెనక పాత పనుల్లో మిగిలిన సన్న గులకరాళ్ళ కుప్ప ఉంది. మరదలు తట్టల్లోని మొక్కలను నేల మీద పెట్టేసి, ఆ తట్టల్లోనే రాళ్ళు ఎత్తింది. ఆయన పొడవడం, ఆమె పిడికెడు రాళ్ళు రంధ్రంలో జార్చడం. కోపం తగ్గలేదు. రాళ్ళు వేసేటప్పుడల్లా ఏదో ఒకటి అంటూనే ఉంది.

"పునాది అనుకున్నావా? మేడ కడతామనుకున్నావా?"

"అలవాటు."

"నిద్రలో అక్క మీద కూడా దిమ్మిస వేస్తావేమో, అలవాటు!"

"మీ అక్క మీద దిమ్మిసే విరుగుతుంది" అన్నాడు. నవ్వు రాకూడదని ఆమె పెదవి కొరుక్కుంది. గట్టు మీద నిలబడ్డ భార్య మాత్రం నవ్వింది. తర్వాత ఆయన మోకాళ్ళకు రాసే నూనె సీసా గట్టు మీద పెట్టి వెళ్ళింది.

పన్నెండింటికి టేపు పదమూడు చూపించింది. రెండింటికి తొమ్మిది. టైలరు ప్రతి అరగంటకూ కుట్టు మిషను ఆపి వస్తున్నాడు. మూడింటికి మరో తట్ట మోయలేక మరదలు ఒరిగితే, ఆ తట్ట టైలరే అందుకున్నాడు.

"మీరు పూడ్చమని అర్జీ పెట్టారుగా?" అంది మరదలు.

"పెట్టాను. నీళ్ళు పోతే చాలని పెట్టాను. పోతున్నాయిగా, పోనివ్వండి" అని ప్యాంటు పైకి మడిచాడు.

ఐదింటికి ఇంజనీరమ్మ వచ్చింది. మేస్త్రీ అప్పటికి డెబ్బయ్యో ఎనభయ్యో రంధ్రాలు చేసి, గుంటలోంచి పైకెక్కలేక అంచుకు ఆనుకుని ఉన్నాడు. అరచేతుల్లో బొబ్బలు చితికాయి. టైలరు టేపు దించాడు. అబద్ధం చెబుతాడేమోనని మరదలు ఒక్క క్షణం ఆశపడింది.

"నాలుగు" అన్నాడు.

"ఇంకలేదన్నమాట" అంది ఇంజనీరమ్మ. కఠినంగా కాదు, ఉన్నది ఉన్నట్టు.

"మట్టి తప్పు లేదమ్మా, మొక్కలదీ కాదు" అన్నాడు మేస్త్రీ. వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. వాళ్ళందరి ఇళ్ళ గచ్చుల మీద ఆయన చెంబెడు నీళ్ళు వంచినవాడే. "నేను చెడగొట్టాను. నేలను దిమ్మిసతో కొట్టాను. ఇది పునాది కాదు, నీళ్ళకు గది అని నా బుర్రకెక్కలేదు."

"ఇది నేను రాయాలి మేస్త్రీ గారూ."

"రాయండి. నా పేరు కూడా రాయండి."

"పూర్తి పేరు?"

ఆయన చెప్పాడు. టైలరు కళ్ళు పెద్దవి చేసి, "ఓహో, నీకో పేరు కూడా ఉందా!" అన్నాడు. అప్పటిదాకా బిగపట్టుకున్న జనం ఒక్కసారి ఊపిరి వదిలినట్టు నవ్వారు.

ఇంజనీరమ్మ రాసింది గానీ కాగితం మూయలేదు. బుడగలు ఇంకా వస్తున్నాయి. "ఏ వేగంతో తగ్గుతోంది?" అని అడిగింది.

"ఆ మొక్క మొదట్లో ఇటుక ఉంది చూడండి" అన్నాడు మేస్త్రీ. కళ్ళు మూసుకుని వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గచ్చు మీద ముప్పై దాకా లెక్కపెట్టే మనిషి ఆ రోజు తొమ్మిది వందల దాకా లెక్కపెట్టాడు. కళ్ళు తెరిచేసరికి ఇటుక మీద అరంగుళం మేర కొత్తగా తడి గుర్తు మెరుస్తోంది. ఇంజనీరమ్మ టైలరు దుకాణంలోంచి స్టూలు తెప్పించుకుని కూర్చుంది. ఏడింటికి, వెలుతురు ఇంకా ఉండగానే, తుంగ మొదళ్ళ మధ్య నల్లటి మట్టి తడిగా, ముడతలు పడి, పైకి కనబడింది. చివరి నీళ్ళు ఒక రంధ్రంలోకి గుటుక్కుమని దిగాయి. ఆ చప్పుడు మేస్త్రీకి బాగా తెలిసినదే. తూముల దగ్గర నలభై ఏళ్ళు విన్నాడు.

ఇరవై ఆరు గంటలు. షరతు ప్రకారం తప్పినట్టే. ఇంజనీరమ్మ అదే రాసింది. దాని కింద కారణం రాసింది, రంధ్రాలు పడ్డాక తగ్గిన వేగం రాసింది. "తర్వాతి వానకు మళ్ళీ వస్తాను. అదే ఆఖరు" అని చెప్పి వెళ్ళింది.

తర్వాతి వాన తొమ్మిదో రోజున, తెల్లవారుజామున పడి ఆరింటికి ఆగింది. గుంట అంచుదాకా నిండింది. మరదలు ఆ రోజు సెలవు పెట్టింది. మేస్త్రీ గుంట వైపు రాలేదు. ఇంట్లోనే కూర్చుని గోడకేసి చూశాడు. మధ్యాహ్నం పన్నెండు దాటాక టైలరు గుమ్మంలోకి వచ్చి, మెడలోని టేపు తీసి ఆయన ఒళ్ళో పడేశాడు.

"తడి కూడా అంటలేదు, చూసుకో" అన్నాడు.

ఇప్పుడు ఆ వీధి కాక ఇంకో ఏడు వీధుల చివర గుంటలున్నాయి, నాలుగు తవ్వాల్సి ఉన్నాయి. నది బాగుపడిందని ఎవరైనా అంటే మరదలు ఒప్పుకోదు. "జ్వరం ఒక డిగ్రీ తగ్గింది, అంతే" అంటుంది. ఉద్యోగం అయిపోయినా ఆమె పెరటి డబ్బాలు ఖాళీ అవడమూ, నిండడమూ ఆగలేదు. మొదటి గుంటలో రెల్లు మనిషెత్తు పెరిగింది. వేళ్ళు మేస్త్రీ చేసిన రంధ్రాల్లోంచి దిగి, మిగిలిన గట్టి పొరను అవే చీల్చుకుంటున్నాయి. టైలరు దుకాణం ముందు నీలిపూలు పూస్తే, "అద్దం పక్కన బాగున్నాయి" అని బేరాలకు వచ్చినవాళ్ళు అంటున్నారట. దోమల మాట ఆయన ఎత్తడం లేదు.

కొత్త గుంట తవ్వే ప్రతి చోటికీ వాటం మేస్త్రీని పిలుస్తారు. అంచులు కోసేది ఆయనే. తవ్వకం అయ్యాక గుంటలో చెంబెడు నీళ్ళు వంచి, కళ్ళు మూసుకుని లెక్కపెడతాడు. నీళ్ళు ఎటూ పారకుండా, ఉన్నచోటే కనబడకుండా పోవాలి. ముప్పై దాటితే మళ్ళీ గుల్లచేయిస్తాడు. వెళ్ళేటప్పుడు వెంట దిమ్మిస కూడా దొర్లించుకెళ్తాడు. చూసినవాళ్ళకు వింతగా ఉంటుంది, ఇంత జరిగాక అదెందుకని.

మొన్న ఒక వీధిలో కొత్త కూలీ ఒకడు గుంట అడుగు చూసి, "మేస్త్రీ గారూ, అంతా గుల్లగా ఉంది. కాస్త ఆ దిమ్మిస ఇటివ్వండి, నాలుగు దెబ్బలేసి సాపు చేస్తాను" అన్నాడు.

మేస్త్రీ దిమ్మిసను గట్టు మీద నిలబెట్టి, దాని మీద కూర్చుని, రెండు పిడుల మీదా చేతులు ఆన్చాడు.

"మోకాళ్ళ నొప్పి బాబూ" అన్నాడు. "పని అయ్యేదాకా లేవలేను."